కావలి బూజు

పెళ్లయ్యాక మా ఆయన నాకిచ్చిన మొదటి కానుక ఒక సీసాడు బూజు.

విశాఖలో మేము కాపురం పెట్టిన అద్దె ఇంటి గుమ్మానికి మామిడి తోరణం ఇంకా పచ్చగానే ఉంది. ల్యాబు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, జేబులోంచి చిన్న గాజు సీసా తీసి నా అరచేతిలో పెట్టారు. లోపల అగ్గిపెట్టెలో సగం ఉండే చెక్కముక్క. దాని మీద పాలమీగడలాంటి తెల్లటి నూగు.

"మల్లెపూలు తెస్తారనుకున్నాను," అన్నాను.

"అవి రేపటికి వాడిపోతాయి ఇందూ. ఇది వాడదు."

గౌరీశ్వర్ పనిచేసేది కలప మీద పరిశోధన చేసే ల్యాబులో. తలుపులు, పడవలు, ఇంటి దూలాలు ఎందుకు పుచ్చిపోతాయో, పుచ్చకుండా ఏం చెయ్యాలో చూడటం వాళ్ల పని. పెళ్లిచూపుల్లో ఆ మాట చెప్పినప్పుడు మా వదిన నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆయన ఎదురుగా ఉన్న బల్లని వేలితో తట్టి, "ఇది మామిడి చెక్క, ఒక కాలు లోపల్నుంచి పుచ్చుతోంది" అన్న తీరు నచ్చింది. మర్నాడు అన్నయ్య బల్ల తిరగేసి చూస్తే నిజమే.

ఆ సాయంత్రం బూజు పట్టిన బ్రెడ్డు ముక్క ఒకటి పారేయబోతుంటే ఆపారు. సీసాలోని చెక్కముక్కని దాని పక్కన పెట్టి, పైన గిన్నె బోర్లించారు. పొద్దున్నే లేచి ఇద్దరం చిన్నపిల్లల్లా గిన్నె ఎత్తి చూశాం. బ్రెడ్డు మీది పచ్చ బూజు మాయమైంది. దాని బదులు సాలెగూడుకన్నా సన్నటి తెల్ల దారాలు. చెక్కముక్క మాత్రం నిన్న ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇది కూడా ఒకప్పుడు కలపని తినేదే," అన్నారు. "కలపని అరిగించుకునే శక్తి దీంట్లోంచి తీసేశాం. ఇక తిండి ఏమిటి? కలపని తినడానికి వచ్చే తక్కిన బూజుల్నే తింటుంది. ఎవరూ రాకపోతే పడుకుంటుంది."

"అంటే కావలి కాస్తుందన్నమాట."

ఆ పేరే నిలిచిపోయింది. అప్పటిదాకా దానికి ల్యాబులో ఒక నంబరు ఉండేది. వారం తిరిగేసరికి అందరూ కావలి అనసాగారు. నేను పెట్టిన పేరు సైంటిస్టుల నోట్లో నలుగుతోందని పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను.

శుక్రవారం గడపకి పసుపు రాస్తుంటే ఆయన సీసా పట్టుకుని దూరం జరిగారు. "పసుపు దీనికి పడదు. తగిలిన చోటల్లా చచ్చిపోతుంది."

"అయితే కావలికి కావలి నేను," అన్నాను. ఆయన ముక్కు మీద ఇంత పసుపు పూశాను. అలాగే ఆఫీసుకి వెళ్లిపోయి, మధ్యాహ్నం ఫోను చేసి తిట్టారు.

జ్యేష్ఠంలో మా అత్తవారి ఊరు వెళ్లాం. బొబ్బిలి దగ్గర చిన్న ఊరు. మా మావయ్యగారు సింహాద్రాచారి గారు వీణలు చేస్తారు. కుండ, దండి, చివర సింహం తల, అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. అతుకు ఉండదు. అంత లావు దుంగ రావాలంటే చెట్టుకి నలభై ఏళ్లయినా ఉండాలి. ఇంటి వెనక తోటలో అలాంటి చెట్లు పది లోపే ఉన్నాయి. ఒక్కో చెట్టూ ఒక్కో తరంలో నాటింది.

కష్టం ఎక్కడంటే, కొట్టిన దుంగ బాగా ఎండాలి. ఎండేలోగా రెండు మూడు వానాకాలాలు వస్తాయి. పైకి బాగానే ఉన్న దుంగ లోపల్నుంచి పుచ్చిపోతుంది. బాడిసతో తట్టగానే గొంతు బొంగురుపోయినట్టు మోగితే మావయ్యగారు ఆ పూట భోజనానికి లేచేవారు కాదట. నలభై ఏళ్ల చెట్టు దిబ్బ పాలయ్యేది. ఆ పూటలు చూసి పెరిగిన కొడుకు శిలీంధ్రాల మీదే చదువుకున్నాడు.

మేము వెళ్లేటప్పటికి వసారాలో ఒక దుంగ ఉంది. మా ఆయన మూడేళ్ల కిందట అందులోకి కావలి ఎక్కించి, రెండు చివర్లకీ మైనం పూసి, కావాలనే వానలో వదిలేసిన దుంగ. మావయ్యగారు దాని పక్కన గొంతుక్కూచుని బాడిస మడమతో తట్టారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఇలగ రామ్మా. సెవి పెట్టి ఇను."

పెట్టాను. గుడిలో గంట కొట్టి చెయ్యి తీసేశాక మిగిలే మోతలాంటిది లోపలెక్కడో తిరుగుతోంది.

"మూడు వానలు తిన్నాది ఇది. సూడు, ఎలగ మోగతన్నాదో." కొడుకు వైపు తిరిగారు. "ఒరే గౌరీ. నా బతుకులో ఇలాటి దుంగ సూళ్లేదురా."

మా ఆయన గోడకేసి చూస్తూ నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎర్రబడిన చెవులు నేను మాత్రమే చూశానన్న సంతోషం నాకు ఆ రోజంతా సరిపోయింది.

మర్నాడు కుండ తొలవడం మొదలుపెట్టారు. పసుపుపచ్చటి పేళ్లు చుట్టలు చుట్టలుగా లేచి నేల మీద పడుతుంటే తీపి వాసన. నేను ఊడ్చి పొయ్యి దగ్గరికి ఎత్తబోతే అత్తయ్యగారు నరసమ్మగారు చీపురు పట్టుకున్నారు.

"పొయ్యిలో ఎట్టకూడదమ్మా. ఈ ఇంట ఎవులూ ఎట్టనేదు. సెట్టు పొట్టలోంచి తీసింది సెట్టు పాదాల కాడికే సేరాల. ఈ పాలి నువ్వున్నావు, కొత్త కోడలివి. మీ ఇద్దరూ ఎత్తుకెల్లి ఎయ్యాల."

గంపకి చెరో పక్కా పట్టుకుని తోటలోకి వెళ్లాం. మధ్యలో ఉన్న చెట్టు అన్నిటికన్నా పెద్దది. పెద్దమ్మ అంటారు దాన్ని. మొదట్లోనే, నేలకి ఆనేంత కిందన కాయలు కాసింది. పేళ్లు దాని చుట్టూ పోశాం. రాత్రి కురిసిన వానకి నేల మెత్తగా ఉంది. ఆయన నా జడలో చిక్కుకున్న పేడు తీసి, అది కూడా చెట్టుకే వేశారు. ఎన్నో జాగ్రత్తలు తీసుకునే మనిషి. ల్యాబులో చేతికి రెండేసి తొడుగులు వేసుకుంటారు. కానీ ఇది ప్రయోగం అన్న సంగతి ఆయనకి తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని. అది ల్యాబు కాదు, ఇల్లు.

మధ్యాహ్నం పెద్దమ్మ పండు కోశారు. చేతులకి నూనె రాసుకుని తొనలు తీస్తుంటే, "అబ్బాయికి ఒకటీ, నీ నోట్లో మూడూనా," అని అత్తయ్యగారు నవ్వారు. పిక్కలు నిప్పుల మీద కాల్చుకోవడానికి దాచారు. అన్నిట్లోకీ నున్నగా, గుండ్రంగా ఉన్న పిక్క ఒకటి నేను కొంగున ముడేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఆ రోజుల్లో దేన్ని చూసినా దాచుకోవాలనిపించేది.

ఆషాఢం వచ్చింది. కొత్త జంట ఆ నెల ఒకచోట ఉండకూడదు కదా, అన్నయ్య వచ్చి నన్ను సాలూరు తీసుకెళ్లాడు. గుమ్మంలోనే వదిన నలుగు పెట్టింది. తలనుంచి కాళ్ల దాకా పసుపు, సున్నిపిండి రుద్ది, "మీ ఆయన బూజంతా వదలగొడతానుండు," అని చెంబులకొద్దీ నీళ్లు పోసింది. సాయంత్రం కొంగు ముడి విప్పి, ఓటి కుండలో పెరటి మట్టి పోసి పిక్క పాతాను. మొలక వచ్చాక దానికి గౌరీశ్వర్ అని పేరు పెట్టాను.

"కుండీలో మొగుణ్ణి పెంచుకుంటున్నావా," అంది వదిన.

"ఈయనైతే పొద్దున్నే ఆఫీసుకి వెళ్లరు."

ఆ నెల నాకు ఏడాదిలా గడిచింది. రోజుకి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకుని కూడా, "ఎప్పుడవుతుంది ఈ ఆషాఢం," అని ఒకరికొకరం విసుక్కునేవాళ్లం.

శ్రావణంలో నేను విశాఖ వచ్చాక వీణ పూర్తయింది. ఇద్దరం ఊరు వెళ్లి విన్నాం. నాకు సంగీతం రాదు. అయినా తెలిసింది. మావయ్యగారు శ్రుతి చేసుకుని ఒక్క తీగ మీటితే, ఆ నాదం వసారా దాటి, వాకిలి దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చినట్టనిపించింది. కావలి దారాలు కలపలో అల్లుకుని దాన్ని ఇంకా బిగువుగా, తేలిగ్గా చేశాయని మా ఆయన చెప్పారు. అది మేము అనుకున్నది కాదు, అదనంగా వచ్చిన వరం. ల్యాబులో స్వీట్లు పంచారు. తలుపుల ఫ్యాక్టరీ వాళ్లు, పడవలు కట్టేవాళ్లు వరసగా రావడం మొదలైంది.

నాగుల చవితికి మళ్లీ ఊరు వెళ్లాం. తోటలో పెద్దమ్మకి నాలుగడుగుల దూరంలో పుట్ట ఉంది. ఏటా అక్కడే పాలు పోస్తారు. అత్తయ్యగారు పాలగిన్నె పట్టుకుని పుట్ట ముందు ఆగిపోయారు.

"ఇదేటిది. పుట్ట సచ్చినట్టున్నాది."

నిజమే. కొత్త మట్టి తడి ఎక్కడా లేదు. చిన్న పుల్లతో గీరితే పొడిపొడిగా రాలింది. ఒక్క చెద పురుగు లేదు.

"మంచిదే కదా అత్తయ్యగారూ, చెదలు పోతే," అన్నాను.

"పుట్టకొక్కులు కూడా రానేదమ్మా ఈ ఏడు. వానలకి తట్టలు తట్టలు ఏరీవోల్లం. ఒక్కటి నేదు." ఏటా పుట్టగొడుగులు ఏరే చోట ఆవిడ కాలితో నేలని కదిపారు. చెట్ల కింద ఎండుటాకులు మోకాలి ఎత్తున ఉన్నాయి. అడుగు వేస్తే అప్పడాల్లా విరుగుతున్నాయి. "ఇయి ఎండాకాలం రాలిన ఆకులు. మట్టిలో కలవటం నేదు. పేడ గెత్తం కూడా అలగే ఉండిపోనాది, ఏసిందేసినట్టు."

నేను పైకి చూశాను. పెద్దమ్మ కొమ్మల చివర ఆకులు చిన్నవయ్యాయి. ముదురాకుపచ్చ ఉండాల్సిన చోట నిమ్మపండు రంగు.

మా ఆయన నా పక్కన లేరు. చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూచుని, పండుగకి కట్టుకున్న పట్టుపంచెతోనే, ఒట్టి చేతులతో మట్టి తవ్వుతున్నారు. జూన్‌లో మేము పోసిన పేళ్లు పైకి వచ్చాయి. నిన్న తొలిచినట్టే ఉన్నాయి, అదే పసుపు రంగు, అదే చుట్టలు. వాటి నుంచి నాలుగు వైపులా తెల్లటి దారాలు.

ఆయన ఒక సన్నటి వేరు తుంచి రుమాల్లో చుట్టారు. భోజనం చెయ్యకుండా విశాఖ బయల్దేరారు.

మర్నాడు క్యారేజీ పట్టుకుని ల్యాబుకి వెళ్లాను. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లని కాబట్టి అక్కడందరికీ నేనంటే ముద్దు, ఎక్కడికైనా వెళ్లనిచ్చేవారు. ఆయన సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచి నన్ను చూడమన్నారు.

"ఆ పక్కది బొబ్బిలి దారిలో వేరేవాళ్ల తోటలో తవ్వి తెచ్చిన పనస వేరు. నీలం రంగు వేశాను. చూడు."

వేరు లోపల సన్నటి నీలి దారాలు, చిన్న చిన్న పొదల్లా.

"అవీ శిలీంధ్రాలే. చెట్టుతో కలిసి బతుకుతాయి. చెట్టు వేరు పోలేని చోటికి పోయి నేలలో సారం తెచ్చిపెడతాయి. చెట్టు వాటికి తిండి పెడుతుంది. ఇప్పుడు ఇది చూడు, మనది."

వేరు ఖాళీగా ఉంది. కడిగేసిన గాజుగొట్టంలా.

"కావలికి ఏది దొంగో ఏది చుట్టమో తెలీదు ఇందూ. చెదలు పుట్టలో పెంచుకుని తినే బూజునీ మింగేసింది. తినమన్నాం, తింటోంది."

అప్పుడే డైరెక్టరు పట్నాయక్ గారు లోపలికి వచ్చారు. మంచి మనిషి. మా పెళ్లికి వెండి దీపపు కుందులు ఇచ్చారు. మా ఆయన చెప్పిందంతా నిలబడే విన్నారు.

"కావలి కలిపిన కుండీల్లో మొక్కలు బతికాయి కదయ్యా. రిపోర్టు నువ్వే రాశావు."

"ఆ మట్టి ఆవిరిలో ఉడికించిన మట్టి సార్. వేరే క్రిములేవీ ఉండకూడదని మనమే ఉడికించాం. అందులో దానికి తినడానికేమీ లేదు. అందుకే బుద్ధిగా పడుకుంది."

"పేళ్లు తీసుకెళ్లి చెట్టు మొదట్లో పోసే ఆచారం ఎన్ని ఇళ్లలో ఉంటుంది చెప్పు. మీ ఒక్క ఇంట్లో. కావలి అమ్మే డబ్బా మీద హెచ్చరిక వేద్దాం, పొట్టు నేల మీద పోయకూడదని."

"ప్రతి వడ్రంగీ పొట్టు ఊడ్చి బయటే పోస్తాడు సార్. చెక్క ఉన్నచోటల్లా పొట్టు ఉంటుంది."

పట్నాయక్ గారు నా చేతిలోని క్యారేజీ చూశారు. "ముందు భోంచెయ్యి. అమ్మాయి ఇంత దూరం తెచ్చింది," అని భుజం తట్టి వెళ్లిపోయారు. ఆ రోజు గుత్తివంకాయ కూర చేశాను. అది ఎలా కుదిరిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఫ్యాక్టరీలో కావలి తలుపులు ఆగలేదు.

ఆ చలికాలమంతా ఆయన సెలవుల మీద సెలవులు పెట్టి తోటలోనే ఉన్నారు. పెద్దమ్మ చుట్టూ కందకం తవ్వారు. పేళ్లన్నీ ఏరి కాల్చారు. నేను వెళ్లినప్పుడల్లా అత్తయ్యగారు నన్ను కందకం దగ్గరికి రానివ్వలేదు, "దుమ్ము, నువ్వొద్దు," అని. ఆవిడ బకెట్ల కొద్దీ పసుపునీళ్లు కలిపి చెట్టుకి పొయ్యబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. అది కావలినీ చంపుతుంది, చెట్టుకి కావలసిన వాటినీ చంపుతుంది."

"మరేటి సెయ్యాల్రా."

ఆయన మళ్లీ పలుగు అందుకున్నారు. మూతికి గుడ్డ కట్టుకోవడం కూడా మానేసి తవ్వుతూనే ఉన్నారు.

మాఘంలో పెద్దమ్మ ఆకు రాల్చేసింది. మళ్లీ చిగురు రాలేదు. తక్కిన చెట్లు కూడా ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. చనిపోయిన చెట్లు కూలలేదు, బెరడు ఊడలేదు, కొమ్మ విరగలేదు. పక్షులు వాలి, పురుగు దొరక్క లేచిపోయేవి. ఒక కలప వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి చూశాడు.

"అదృష్టమంతా మీదే ఆచారిగారూ. నిలువునా ఎండిన పనస. ఎక్కడా చిన్న పుచ్చు లేదు. మీ మనవలు వీణలు చేసుకున్నా మిగుల్తాది."

మావయ్యగారు బాడిస తిరగేసి పెద్దమ్మని తట్టారు. కంచులా మోగింది. ఆయన చెయ్యి చెట్టు మీదే ఉంచారు.

"మడిసైనా సెట్టైనా పోతే మట్టవ్వాల," అన్నారు. "ఇదేటి సావో నాకు తెలీదు." తర్వాత కొడుకుతో, గొంతు పెంచకుండా, "నీ కావలి నెగ్గిందిరా," అన్నారు.

ఆ మాట తర్వాత తండ్రీ కొడుకులు నెల రోజులు మాట్లాడుకోలేదు.

మాట్లాడింది మళ్లీ వీణ గురించే. వాన గాలి తగిలితే వీణలోని కావలి కూడా విత్తనం చల్లుతుందని మా ఆయన చెప్పారు. చెప్పి, కాల్చమని అడగలేక ఆగిపోయారు. మావయ్యగారే లేచి వీణ తెచ్చి వసారాలో పెట్టారు.

"అమ్మా ఇందూ, ఒక్క పాలి మీటు."

"నాకు రాదు మావయ్యగారూ."

"వచ్చినోల్లు మీటితే నాను కాల్చనేను."

మీటాను. ఆ నాదం తోట వైపు వెళ్లింది. పూర్తిగా ఆగేదాకా ఎవరమూ కదల్లేదు. ఆయన ఒక్కో తీగా విప్పి పక్కన పెట్టి, బాడిసతో దండి మీద ఒక్క దెబ్బ వేశారు. వాకిట్లో మంట పెట్టారు. అత్తయ్యగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ మంట ముందు కూచున్నప్పుడే నాకు ఓటి కుండ గుర్తొచ్చింది. సాలూరులో, వదిన పెరట్లో, పెద్దమ్మ పిక్క మొలిచి ఉందని చెప్పాను. మావయ్యగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. దాహంతో ఉన్నవాడికి నీళ్ల చప్పుడు వినిపించినట్టు.

"పచ్చగున్నాదా?"

"మొన్న వదిన ఫోటో పంపింది. నా మోకాలి దాకా వచ్చింది."

"అయితే పద, ఇప్పుడే ఎల్దాం," అని ఆయన లేచారు. మా ఆయన లేవలేదు.

"మనం వెళ్లకూడదు నాన్నా. ముందు ఒకటి చూడాలి."

ల్యాబు నుంచి బూజు పెంచే గాజుపళ్లేలు తెచ్చారు. వాటి మీద మా అందరి చేతులూ అద్దించారు, దగ్గించారు. మూడో రోజుకి ఆయన పళ్లెం నిండా పాలమీగడ. చేతిది, ఊపిరిది కూడా. మావయ్యగారిదీ అంతే. అత్తయ్యగారిది కొంచెం తక్కువ. నాది చేతి పళ్లెంలోనే, నాలుగు దారాలు.

"ల్యాబులో పుట్టినప్పుడు ఇది మనిషి మీద బతికేది కాదు," అన్నారు. "తోటలో మేసి మేసి ముదిరింది. చలికాలమంతా నేను పీల్చింది ఇదే. మనకి జబ్బేమీ చెయ్యదు. మనలో పడుకుంటుంది, అంతే. నేను వెళ్లి ఆ మొక్క పక్కన నిలబడి ఊపిరి వదిలితే చాలు."

వారం రోజులు పసుపుతో స్నానం చేశాక నా పళ్లెం తేటగా వచ్చింది. ఆయనకి అత్తయ్యగారు పూటకో లోటాడు పసుపుపాలు తాగించారు. ఒళ్లంతా పచ్చబడేలా నలుగు పెట్టారు. "పెళ్లిలో కూడా ఇంత పసుపు రాయలేదు నాకు," అని ఆయన నవ్వారు. చేతి పళ్లెం కొద్దిగా తగ్గింది. ఊపిరి పళ్లెం తెల్లగానే ఉంది. ఊపిరితిత్తులకి నలుగు పెట్టడం ఎవరికీ తెలీదు.

సాలూరుకి నేనొక్కదాన్నే వెళ్లాను. గుమ్మంలో అడుగుపెట్టబోయి ఆగిపోయాను. కొత్త తలుపులు. నిగనిగలాడుతున్నాయి.

"చూశావా," అన్నాడు అన్నయ్య. "బావ కనిపెట్టిన కావలి కలపే. నలుగురికీ చెప్పుకుంటున్నాను. గుమ్మం దగ్గర కొంచెం ఎక్కువైతే వడ్రంగి చిత్రిక పట్టాడు."

"ఆ పొట్టు ఎక్కడ పోశాడన్నయ్యా?"

"ఎక్కడేంటి, వీధిలో. ఏం?"

పెరట్లోకి పరుగెత్తాను. ఓటి కుండ బావి గట్టు మీద ఉంది. ఆకులు ఇంకా ముదురు పచ్చ. అప్పటికప్పుడు గోనెసంచిలో పెట్టుకుని ఒళ్లో ఉంచుకుని ఆటో ఎక్కాను. వదిన వెనకాలే వచ్చి, "మా మీద అలిగావేంటే, కాఫీ అయినా తాగలేదు," అంటోంది. చెప్పడానికి టైము లేదు. చెప్పినా అన్నయ్య కొత్త తలుపులు పీకడు.

బీఈడీ చదివినందుకు మొదటిసారి సంతోషించాను. పాచిపెంట అవతల కొండ మీద ఒక బడిలో టీచరు పోస్టు ఖాళీగా ఉంది. వెళ్లడానికి ఎవరూ ఒప్పుకోరు. రోడ్డు సగం దాకే ఉంది, మిగతాది కొండవాగు, అక్కడ గెడ్డ అంటారు, అది దాటి నడవాలి. ఇళ్లకి వెదురు తడికలే తప్ప కొన్న తలుపులు లేవు. అదే నాకు కావాలి.

వెళ్లనని నేను అంటానేమో అని ఆయన నా వైపు చూడలేదు. వెళ్లమని ఆయన అంటారేమో అని నేనూ చూడలేదు. చివరికి మావయ్యగారే అడిగారు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి.

"నలభై ఏల్లమ్మా. అప్పటికి నానుండను. గౌరీ ముసిలోడైపోతాడు. నిన్నెలగ అడగను?"

"మీరు అడగలేదు మావయ్యగారూ. నేనే పాతాను కదా."

"నేను ఇక్కడ మందు వెతుకుతాను," అన్నారు మా ఆయన. "ఊపిరి పళ్లెం తేటగా వచ్చిన రోజున కొండెక్కి వస్తాను."

"ఎన్నాళ్లు?"

ఆయన బుగ్గ లోపలివైపు కొరుక్కున్నారు. ఏదైనా తెలియనప్పుడు అలా చేస్తారు. ఏడాది కాపురంలో నేను కనిపెట్టింది అది.

బడి వెనక నీళ్లు నిలవని చోట చూసి మొక్కని నేలలో పెట్టాను. ఏ మట్టినీ ఉడికించలేదు, ఏదీ కడగలేదు. రోజూ పసుపు రాసుకుని స్నానం చేశాకే దాని దగ్గరికి వెళ్తాను. పిల్లలు నన్ను పసుపు టీచరంటారు. కింద నుంచి ఎవరు వచ్చినా గెడ్డ దగ్గరే ఆపి మాట్లాడతాను. నాకు పొగరని ఊళ్లో అనుకుంటారట.

మళ్లీ ఆషాఢం వచ్చింది. బడికి వచ్చే దారిలో ఒక ఇంట్లో కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వచ్చింది. రోజూ గుమ్మంలో కూచుని రోజులు లెక్కపెట్టుకుంటుంటే చూసి నవ్వుకునేదాన్ని. శ్రావణం రాగానే మొగుడు వచ్చి తీసుకెళ్లాడు. ఆ పిల్ల గెడ్డ దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎంత గబగబా వెళ్లిందో.

మర్నాడు మా ఆయన వచ్చారు. గెడ్డకి అవతల, గాలి నా వైపు నుంచి వీచే చోట నిలబడ్డారు. మేము అలా అనుకున్నాం, గాలీ నీళ్లూ నా వైపు నుంచి ఆయన వైపుకే పోవాలని. చిక్కిపోయారు. చొక్కాకి పై బొత్తం లేదు. కుట్టిపెట్టే దూరంలో లేను. వానలకి గెడ్డ నిండుగా పారుతూ హోరుపెడుతోంది. ఆయన ఏదో అడుగుతున్నారు. వినపడలేదు. చేతులతో ఆకు ఆకారం చూపించారు.

నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచీ ఆ కబురు చెప్పాలనే కదా నిలబడ్డాను. కొంగు ముడి విప్పాను. మొక్క మొదటిసారి రాల్చిన ఆకు. దాన్ని నేను అక్కడే నేల మీద వదిలేసి, రోజూ వెళ్లి చూసేదాన్ని. ముందు గోధుమరంగు తిరిగింది. తర్వాత నల్లగా మచ్చలు. నిన్న చూస్తే తడిసి, మెత్తబడి, మధ్యలో చిల్లులు పడి, ఒక అంచు మట్టిలో కలిసిపోయింది. మిగిలిన ముక్కని రెండు చేతులా పైకి ఎత్తి పట్టుకున్నాను. చిల్లుల్లోంచి వెలుగు ఆయనకి కనపడేలా.

"కుళ్ళిందండీ," అని అరిచాను. "చూడండి, కుళ్ళింది."

వినపడిందో లేదో. చూశారు. అక్కడే బండ మీద కూచుండిపోయారు. మొహం చేతుల్లో పెట్టుకున్నారు. నేను ఆకు దించలేదు. చేతులు నొప్పెట్టేదాకా అలాగే పట్టుకున్నాను. దాని లోంచి నల్లటి నీటిబొట్టు జారి పసుపు రాసిన నా మణికట్టు మీద పడింది. తుడుచుకోవాలనిపించలేదు.